రోడ్డున పడ్డ పెద్ద జాతి కుక్కను ఫాస్టర్ చేయడం ఎలా: మొదటి రోజు నుంచి కొత్త ఇంటి దాకా

గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, రాట్‌వైలర్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్. కొన్నప్పుడు ఒళ్లో ఇమిడే పిల్లలు, ఏడాది తిరిగేసరికి రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో పట్టవు. జబ్బు చేస్తే ఆస్పత్రి ఖర్చు బరువును బట్టి పెరుగుతుంది. అప్పుడే కొందరు వీటిని ఔటర్ రింగ్ రోడ్డు పక్కనో, గుడి దగ్గరో దించేసి వెళ్లిపోతారు. ఇంకో రకం, ఈతలు అయిపోయాక బ్రీడర్లు వదిలించుకునే ఆడకుక్కలు. ఎముకల గూడులా ఉన్న అంత పెద్ద జంతువును చూడగానే ఎవరికైనా మూడు పనులు చేయాలనిపిస్తుంది: కడుపునిండా పెట్టాలి, శుభ్రంగా స్నానం చేయించాలి, దగ్గరకు తీసుకుని ధైర్యం చెప్పాలి. మొదటి వారంలో ఈ మూడూ ప్రమాదమే. ఎందుకో, వాటి బదులు ఏం చేయాలో కింద వివరంగా ఉంది.

ఒప్పుకునే ముందు

ఫాస్టరింగ్ అంటే దత్తత కాదు. కుక్క కోలుకుని కొత్త ఇంటికి వెళ్లేదాకా మీ ఇంట్లో ఉంచుకోవడం. సులువైన కేసుకు కూడా రెండు నెలలు పడుతుందనుకోండి. వెనక కాళ్లు పడిపోయినవాటికీ, ముదిరిన గజ్జికీ ఆరు నెలలైనా ఆశ్చర్యం లేదు. సంస్థ తరఫున తీసుకుంటుంటే వైద్యం ఖర్చు ఎవరిది, రాత్రి ఎమర్జెన్సీ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇల్లు దొరక్కపోతే ఏమిటి అన్న మూడు సంగతులూ ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

యజమానే తెచ్చి అప్పగిస్తే సంతకంతో ఒక కాగితం తప్పనిసరి: కుక్క వివరాలు, టీకాల పుస్తకం, ఇకపై హక్కు లేదన్న మాట. ఇది లేక, కుక్క కోలుకుని బొద్దుగా తయారయ్యాక "మా కుక్కను మాకివ్వండి" అని వచ్చేవాళ్లు ఉంటారు. రోడ్డు మీద దొరికితే అది వదిలేసిందో తప్పిపోయిందో మొదట తెలియదు. ఫొటోలు తీయండి, దగ్గర్లోని క్లినిక్‌లో మైక్రోచిప్ స్కాన్ చేయించండి, చిప్ ఉంటే 15 అంకెల నంబర్ వస్తుంది. స్థానిక పోలీస్ స్టేషన్‌లో తెలియజేసి, కాలనీ గ్రూపుల్లో పెట్టండి. ఆకలి దప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం. యజమాని ఎవరో తేలితే ఆ మాట గుర్తుచేయొచ్చు.

ఫాస్టర్ చేయాలనుకునే ఇంట్లో పెద్దవాళ్లు ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవడం మంచిది. కుక్క కరవకముందు వేసే కోర్సు 0, 7 రోజుల్లోనూ, ఆపైన 21 లేదా 28వ రోజునా మూడు డోసులు. నాలుగైదేళ్ల పిల్లలున్న ఇంటికి చరిత్ర తెలియని 40 కిలోల కుక్కను తీసుకురావద్దనే మా సలహా. ఎంత మెత్తగా కనిపించినా సరే.

గది, పక్క, పట్టీలు

కుక్క వచ్చాక కాదు, రాకముందే ఒక గది లేదా గ్రిల్లు ఉన్న బాల్కనీ దానికోసం విడిగా సిద్ధం చేయండి. మీ కుక్కలుంటే 14 రోజులు కలవకూడదు, గిన్నెలు, పక్కలు కూడా వేరే. డిస్టెంపర్, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బులు లోపల ఉండి బయటపడటానికి టైం పడుతుంది. పార్వోకు ఫినాయిల్ పనికిరాదు. నేలను ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి పోసి పది నిమిషాలు తడిగానే ఉంచి కడిగేయండి. మురికి ఉన్నచోట బ్లీచ్ పనిచేయదు కాబట్టి మొదటి కడుగు వదిలేయొద్దు.

మన ఇళ్లలో అసలు శత్రువు విట్రిఫైడ్ టైల్స్. కండ కరిగిపోయిన కుక్క వాటి మీద లేవబోయి కాళ్లు రెండు వైపులకూ జారి పడిపోతుంది. అప్పటికే అరిగిన తుంటి కీళ్లకు అది చాలు. పక్క దగ్గర్నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి తలుపు దాకా రబ్బరు మ్యాట్లు గానీ పాత యోగా మ్యాట్లు గానీ దారిలా పరవండి. కాలివేళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి, గోళ్లు తగ్గించండి.

పక్కకు కనీసం నాలుగంగుళాల మందం ఉండాలి. గట్టి నేల మీద పడుకుంటే గ్రేట్ డేన్, మాస్టిఫ్ లాంటి వాటికి మోచేతి దగ్గర నీటి బుడ్డ లేస్తుంది. దాన్ని సూదితో గుచ్చి తీయించకండి, చీము పట్టడానికి అదే దారి. పక్క మెత్తగా మారిస్తే చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. వేసవిలో గట్టిగా అల్లిన నవారు మంచం అన్నిటికంటే నయం: కింద గాలి ఆడుతుంది, ఒళ్లు నేలకు తగలదు. వదులైన నులక మాత్రం వద్దు, సందుల్లో గోళ్లు, వేళ్లు ఇరుక్కుంటాయి. నడవలేని కుక్కకు మంచం కాదు, నేల మీద పరుపే.

పట్టీల సంగతి ఇంకా ముఖ్యం. కొత్తగా వచ్చిన కుక్క మొదటి వారంలో పారిపోవడం మామూలు. పారిపోయిన పెద్ద కుక్కను జనం చూసి భయపడి రాళ్లేస్తారు. మెడకు మార్టింగేల్ కాలర్ (లాగితే తల జారిపోకుండా కొంతమేరకే బిగిసే పట్టీ), ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ), రెంటికీ వేర్వేరు లీష్‌లు. ఒకటి జారినా రెండోది చేతిలో ఉంటుంది. కాలర్‌కు మీ ఫోన్ నంబర్ ఉన్న బిళ్ల మొదటి గంటలోనే వేయండి. ముళ్ల పట్టీలు, గొలుసు చోక్‌లు కొనకండి. గొలుసుతో కట్టిన కుక్కల్లో పాత పట్టీ మెడ చర్మంలోకి దిగిపోయి ఉండటం కూడా చూస్తాం. బొచ్చు కప్పేసి కనబడదు, వాసన వస్తుంది. మెడ చుట్టూ వేళ్లతో తడిమి చూడటం మర్చిపోవద్దు. దిగి ఉంటే మీరు లాగొద్దు, మత్తిచ్చి డాక్టరే తీయాలి.

నీళ్లు, తిండి: మొదటి నాలుగు రోజులు

ఎక్కువ ప్రాణాలు పోయేది ఇక్కడే. అదీ ప్రేమతో పెట్టిన పెరుగన్నం వల్ల.

చాలా రోజులు తిండి లేని ఒంట్లో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటిపోయి ఉంటాయి. అన్నం, రొట్టె, బిస్కెట్లు ఒక్కసారిగా పడితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలో మిగిలిన ఆ కాస్త ఖనిజాలనూ కణాల్లోకి లాగేస్తుంది. ఫలితం గుండె లయ తప్పడం, ఫిట్స్, ఎర్రరక్త కణాలు చితికిపోవడం. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. మోసం ఎక్కడంటే, మొదటి రోజు కుక్క ఆబగా తిని తోక ఊపుతుంది. మూడో రోజో నాలుగో రోజో కుప్పకూలుతుంది.

అందుకే ఈ వరుస పాటించండి.

1. ముందు నీళ్లు. ఒకేసారి బకెట్ పెట్టకండి, గటగటా తాగి కక్కేస్తుంది. పావు లీటరు చొప్పున పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఇవ్వండి. మెడ వెనక చర్మం పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, చిగుళ్లు జిగటగా ఉన్నా సెలైన్ అవసరం, ఆస్పత్రికి వెళ్లాలి.

2. బరువు తూచండి. ఊహించొద్దు. పెద్ద కుక్కల విషయంలో కళ్లు ఐదు పది కిలోలు సులువుగా మోసం చేస్తాయి. క్లినిక్‌లో ప్లాట్‌ఫాం కాటా లేకపోతే బియ్యం కొట్లో బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టండి. తిండైనా మందులైనా ఆ అంకె మీదే నడుస్తాయి.

3. లెక్క కట్టండి. ఇప్పుడున్న బరువును 30తో గుణించి 70 కలిపితే విశ్రాంతిలో ఒంటికి కావాల్సిన కేలరీలు వస్తాయి. 55 కిలోలు ఉండాల్సిన గ్రేట్ డేన్ 36 కిలోలకు చిక్కిపోయిందనుకోండి: 36 ఇంటూ 30, ప్లస్ 70, అంటే 1150. మొదటి రోజు అందులో పావు వంతే, సుమారు 290 కేలరీలు. రెండో రోజు సగం, మూడో రోజు ముప్పావు, నాలుగో రోజు పూర్తిగా. మరీ ఎముకలగూడైతే ఈ నాలుగు మెట్లనే వారం పది రోజులకు సాగదీయమని డాక్టర్ చెప్తారు.

4. ఆ 290 కేలరీలు అంటే ఎంత? రెండు ఉడికించిన గుడ్లు, దానికి తోడు ఎముకల్లేని ఉడికించిన చికెన్ 85 గ్రాములు. రోజంతటికీ అంతే, దాన్నే ఆరు భాగాలు చేసి నాలుగేసి గంటలకు పెట్టాలి. గుమ్మమంత కుక్క అంత చిన్న ముద్ద తిని మీ మొహంలోకి చూస్తుంటే చేయి ఆగదు. ఆగాలి. పెట్ స్టోర్లలో దొరికే రికవరీ డబ్బా తిండి ఇంకా మేలు, కొవ్వు, ప్రొటీన్ ఎక్కువగా, పిండిపదార్థం తక్కువగా ఉంటుంది.

5. తిండి మొదలుపెట్టే ముందే థయమిన్, అంటే బి1 ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ను అడగండి. మొదటి వారంలో ఫాస్ఫరస్, పొటాషియం పరీక్ష కనీసం రెండుసార్లు చేయించండి.

మధ్యలో తూలడం, ఆయాసం, మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం, వణుకు కనిపిస్తే ఆ పూట తిండి ఆపి వెంటనే ఆస్పత్రికి.

వారం దాటి విరేచనం గట్టిపడ్డాక మాత్రమే అన్నం, రాగి సంకటి, ఉడికించిన గుమ్మడి, క్యారెట్ కలపండి. అదే గ్రేట్ డేన్ అసలు బరువుకు చేరాలంటే రోజుకు 2200 కేలరీల పైచిలుకు, అంటే మామూలు డ్రైఫుడ్ అయితే 600 గ్రాముల దాకా, మూడు నాలుగు పూటలుగా. ఇంటి వంట పెడితే కాల్షియం సరిపోదు. ఎముకల్లేని మాంసంలో అది దాదాపు ఉండదు. ఉడికించి ఎండబెట్టి మెత్తగా పొడి చేసిన గుడ్డు పెంకు వాడొచ్చు, ఎంతన్నది తిండిని బట్టి డాక్టర్‌తో లెక్క వేయించండి. ఇది ఎదిగిన కుక్కల మాట. ఎదిగే వయసులో ఉన్న పెద్ద జాతి పిల్లకు "ఎముకలు బలపడాలి" అని కాల్షియం సిరప్ పట్టడం మన దగ్గర మామూలే, కానీ ఎక్కువైన కాల్షియం వల్లే కాళ్లు వంకర పోతాయి. వాటికి లార్జ్ బ్రీడ్ పప్పీ ఫుడ్ ఒక్కటే చాలు. కూరలో మిగిలిన ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, వండిన ఎముకలు ఏ వయసుకూ వద్దు.

డాక్టర్ దగ్గర ఏం అడగాలి

మొదటి రెండు రోజుల్లోనే పూర్తి రక్త పరీక్ష, కాలేయం, కిడ్నీల పరీక్ష, రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూడటం. ఖరీదైన కేసులకు హైదరాబాద్ నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, గన్నవరం, తిరుపతి కాలేజీల ఆస్పత్రులు ఉన్నాయి. క్యూ ఉంటుంది, కానీ ఎక్స్‌రే నుంచి ఆపరేషన్ దాకా ఒకేచోట అవుతుంది.

మన ప్రాంతంలో రోడ్డు మీద దొరికిన కుక్కకు పిడుదుల జ్వరం లేదని పరీక్ష చెప్పేదాకా ఉందనే అనుకోండి. ఈ జ్వరం తెచ్చే క్రిములు ఎర్లీకియా, బబేసియా, రెండూ పిడుదుల నుంచే వస్తాయి. చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు, జ్వరం వచ్చి పోవడం దీని గుర్తులు. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. ఐదో రోజుకే కుక్క లేచి తింటుంది, అక్కడే చాలామంది మాత్రలు ఆపేస్తారు, రెండు నెలలకు జబ్బు తిరగబెడుతుంది. ఈ మాత్ర వట్టి గొంతుతో మింగిస్తే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. తిండిలో పెట్టి ఇచ్చి, వెనకే కాసిన్ని నీళ్లు తాగించండి. బబేసియాకు డాక్సీ ఒక్కటే చాలదు, అందులోనూ రకాన్ని బట్టి మందు మారుతుంది. కాబట్టి "పిడుదుల జ్వరం" అని ఊరుకోకుండా ఏ క్రిమి అని అడగండి.

పిడుదులను చిమ్మటతో (ట్వీజర్స్) చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగి సర్ఫ్ నీళ్లలో వేయండి, వేళ్లతో చిదమొద్దు. అవి గుడ్లు పెట్టేది కుక్క ఒంటి మీద కాదు, గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక. గదికి మందు కొట్టించకపోతే కుక్కకు ఎన్ని మందులు వేసినా వృథా. నోటి మాత్రలు బరువును బట్టే కొనాలి, ఫిట్స్ చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న మందులు తేవద్దు.

ఏలికపాముల మందు మొదటి రోజే వేయనక్కర్లేదు. కాస్త తేరుకున్నాక కాటా మీది బరువు ప్రకారం వేసి, రెండు మూడు వారాలకు మళ్లీ వేయండి. టీకాలూ అంతే, జ్వరం లేనప్పుడే. టీకాల పుస్తకం లేని ఎదిగిన కుక్కకు డిస్టెంపర్, పార్వో, లెప్టో (లెప్టోస్పైరోసిస్) కలిసిన టీకా రెండు డోసులు, మూడు నాలుగు వారాల తేడాతో. రేబిస్ ఒకటి, ఏటా మళ్లీ.

బ్రీడర్ దగ్గర్నుంచి వచ్చిన ఆడకుక్క ఎక్కువ నీళ్లు తాగుతూ, తిండి మానేసి, వెనక నుంచి చీము కారుస్తుంటే అది గర్భసంచి చీము. ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు వస్తుంది. ఒక్కోసారి చీము బయటికి రాదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది, అది ఇంకా ప్రమాదం. అదే రోజు ఆపరేషన్ కావాలి. పాల గ్రంథులన్నీ ఒక్కొక్కటిగా నొక్కి గడ్డలున్నాయేమో చూడండి.

మనుషుల మందులు ముట్టుకోవద్దు. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఇస్తే పేగుల్లో రక్తస్రావం, కిడ్నీలు దెబ్బతినడం ఖాయమనుకోండి.

చర్మం, పుండ్లు

స్నానం ఆగొచ్చు. కొవ్వు లేని ఒళ్లు తడిస్తే వేడి నిలుపుకోలేదు. మొదటి మూడు నాలుగు రోజులు గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. సార్కాప్టిక్ గజ్జి మనుషులకూ అంటుతుంది, చేతి తొడుగులు వేసుకోండి. డెమోడెక్స్ గజ్జి అంటదు. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తేనే తేలుతుంది. ఏ గజ్జికైనా ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ పొడిచేసే అలవాటు చాలాచోట్ల ఉంది. కోలీ జాతులకూ, కొన్ని జర్మన్ షెపర్డ్‌లకూ ఉండే జన్యు లోపం వల్ల ఆ మందు మెదడులోకి చేరి ప్రాణం తీయగలదు. ఆ జాతి పోలిక ఉంటే వేరే మందు అడగండి.

పురుగులు పట్టిన పుండులో టర్పెంటైన్ పోయడం మానండి. పురుగులు చస్తాయి, దాంతోపాటు బతికున్న కండ కూడా కాలుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే చదునుగా కొట్టిన టీస్పూన్లు ఒకటిన్నర, కలిపి పెద్ద సిరంజితో పుండు లోపలికి ఒత్తిడిగా కొట్టండి. పురుగులు ఊపిరాడక పైకి వస్తాయి, చిమ్మటతో తీయండి. చుట్టూ బొచ్చు గీయించి, డాక్టర్ ఇచ్చే మందు వేయండి. పొవిడోన్ అయోడిన్ చిక్కగా పోయొద్దు, పలచని టీ రంగుకు వచ్చేదాకా నీళ్లు కలపండి.

ఎండ

కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. థర్మామీటర్ వెనక నుంచే పెట్టి చూడాలి, ముక్కు తడిగా ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. సెయింట్ బెర్నార్డ్, హస్కీ, ముక్కు చప్పిడి ఫ్రెంచ్ మాస్టిఫ్‌లకు రోహిణి కార్తె దాకా అక్కర్లేదు, మార్చి నుంచే కష్టం. కోస్తాలో ఇంకో చిక్కు. విశాఖలో 36 డిగ్రీల సెల్సియస్సే ఉన్నా ఉక్కపోతకు నాలుక మీది తడి ఆరదు, రొప్పినా ఒళ్లు చల్లబడదు. అక్కడ ఎయిర్ కూలర్ కూడా పెద్దగా పనిచేయదు, ఏసీ లేదా గట్టి ఫ్యాన్ కింద తడిపిన నేల కావాలి. రెండు పొరల బొచ్చు ఉన్న కుక్కను గుండు గీయించకండి. లోపలి పొరను దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది, పై పొర ఎండను ఆపుతుంది.

వడదెబ్బ తగిలితే, అంటే ఆగని రొప్పు, ముదురు ఎర్ర చిగుళ్లు, తూలడం, 105 దాటిన వేడి, ముందు చల్లబరచండి, తర్వాత బండెక్కించండి. కుళాయి నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాన్ పెట్టండి. తడి దుప్పటి కప్పి వదిలేస్తే అది కాసేపటికే వేడెక్కి ఒంటి వేడిని లోపలే బంధిస్తుంది. 103కు రాగానే నీళ్లు ఆపేయాలి, లేకపోతే ఒంటి వేడి మరీ కిందికి పడిపోతుంది. పైకి తేరుకున్నట్టున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, కిడ్నీలు, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిన్న సంగతి మర్నాడు గానీ తెలియదు.

కడుపు మెలిక

లోతైన ఛాతీ ఉన్న గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, సెయింట్ బెర్నార్డ్‌లలో కడుపు గాలితో ఉబ్బి మెలితిరుగుతుంది. వాంతి కోసం పదేపదే ఓకరించడం, ఏమీ రాకపోవడం, చొంగ, ఒకచోట నిలవలేకపోవడం, డప్పులా ఉబ్బిన పొట్ట. ఈనో, జెలుసిల్ పట్టించి పొద్దున చూద్దామంటే పొద్దుటికి కుక్క ఉండదు. కొన్ని గంటల్లో ఆపరేషన్ జరగాలి. రాత్రి పూట ఆ ఆపరేషన్ ఎక్కడ చేస్తారో కుక్క రాకముందే తెలుసుకుని నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి.

తగ్గించుకునే దారులు: రోజు తిండి కనీసం రెండు పూటలుగా, ఆబగా మింగే కుక్కకు మఫిన్ ట్రేలోనో పెద్ద పళ్లెంలో పరిచో పెట్టడం, తిన్నాక గంటసేపు గెంతులు లేకుండా చూడటం. ఎత్తు స్టాండు మీద గిన్నె పెడితే మంచిదని షాపుల్లో అమ్ముతారు. పెద్ద జాతులపై జరిగిన అధ్యయనంలో అలా పెట్టినవాటికే ముప్పు ఎక్కువని తేలింది. స్టెరిలైజేషన్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) చేసేటప్పుడే కడుపును పొట్ట లోపలి గోడకు కుట్టేసే గ్యాస్ట్రోపెక్సీ కూడా చేయించమని అడగండి, ఒకే మత్తులో రెండు పనులూ అవుతాయి.

కాళ్లు నిలబెట్టడం

లేవలేని కుక్కను చంకల కింద పట్టి లాగొద్దు. దుప్పటి మీదికి దొర్లించి ఇద్దరు నాలుగు మూలలూ పట్టుకుని ఎత్తండి. ఎక్స్‌రే, నరాల పరీక్ష అయ్యి, వెన్ను విరగలేదని తేలాకే వ్యాయామాలు.

పడుకునే ఉన్నంతకాలం మూడు నాలుగు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పండి. తుంటి, భుజం ఎముకల మీద ఎర్రబడిందేమో రోజూ బొచ్చు విడదీసి చూడండి. రోజుకు మూడుసార్లు ఒక్కో కాలినీ సైకిల్ తొక్కినట్టు నిదానంగా పది పదిహేనుసార్లు మడిచి చాపండి. కీలు ఎక్కడ ఆగితే అక్కడే ఆపాలి, తోయకూడదు.

తర్వాత మెట్టు, తువ్వాలు. పెద్ద స్నానపు తువ్వాలును పొట్ట కింద, వెనక కాళ్లకు ముందు నుంచి పోనిచ్చి రెండు కొసలూ పైన పట్టుకోండి. మగకుక్క అయితే మూత్రానికి అడ్డు లేకుండా చూడండి. బరువు మొత్తం మీరు మోయొద్దు, అది పడిపోకుండా ఆసరా మాత్రమే. గరుకు మ్యాట్ మీద అరనిమిషం నిలబెట్టి, విశ్రాంతి ఇచ్చి, మళ్లీ. నిలబడటం నిమిషం దాటాక కూర్చోబెట్టి లేపడం: ముక్కు ముందు చికెన్ ముక్క చూపిస్తే లేస్తుంది, ఐదుసార్లు, రోజుకు రెండు విడతలు. ఒక పక్కకు ఒరిగి లేస్తుంటే గోడ పక్కన నిలబెట్టి చేయించండి. ఆ పైన చీపురు కర్రలు నాలుగు, కుక్క పొడవంత దూరంలో నేల మీద పరిచి నడిపించండి. కాలు ఎత్తడం వచ్చాక కర్రలను ఇటుక ముక్కల మీద రెండు మూడంగుళాలు లేపండి.

బయటి నడక ఐదు నిమిషాలతో మొదలు, పొద్దున ఏడు లోపు. వెనక గోళ్ల పైభాగం అరిగి రక్తం వస్తుంటే పాదం ఈడుస్తోందని అర్థం, సాక్స్ తొడిగి దూరం తగ్గించండి. నడిచిన మర్నాడు బిగుసుకుపోతే నిన్నటిది ఎక్కువైనట్టు. తిరుగుడు లేక లావెక్కిన లాబ్రడార్లకు సమస్య ఇందుకు తలకిందులు: బరువు వారానికి ఒకటి రెండు శాతం మించకుండా తగ్గించుకుంటూ రావాలి, అప్పుడే కీళ్ల నొప్పి సగం పోతుంది.

మనసు కుదుటపడటం

మొదటి మూడు రోజులు పలకరింపులు, చుట్టాల రాకపోకలు, ఫొటోలు ఏవీ వద్దు. అదే గదిలో నేల మీద పక్కకు తిరిగి కూర్చుని మీ పని మీరు చేసుకోండి. అది వచ్చి వాసన చూస్తే చూడనివ్వండి. తల మీదికి వంగి చేయి పెట్టొద్దు. ఛాతీ పక్కన మూడు సెకన్లు నిమిరి ఆపండి. ఇంకా దగ్గరికి జరిగితే కొనసాగించండి, మొహం తిప్పుకుంటే ఊరుకోండి. అసలు స్వభావం బయటపడేది రెండు మూడు వారాలకు. మొదటి వారంలో "ఎంత శాంతంగా ఉందో" అనుకున్నది చాలాసార్లు నీరసం, భయం.

ఆకలి చూసిన కుక్క గిన్నె కాపలా కాస్తుంది. తింటుండగా గిన్నె లాగి "అలవాటు చేయడం" అనే పాత పద్ధతి కాటుకు దారి. బదులుగా ఆరడుగుల దూరం నుంచి వెళ్తూ గిన్నెవైపు చికెన్ ముక్క విసిరి ఆగకుండా వెళ్లిపోండి. మీరు రావడమంటే తిండి పోవడం కాదు, ఇంకాస్త రావడం అని అర్థమయ్యేకొద్దీ ఒక్కో అడుగు తగ్గించండి. ఒళ్లు బిగదీసి కదలకుండా ఉండటం, కనుతెల్లలు కనిపించేలా ఓరగా చూడటం, గుర్రుమనడం హెచ్చరికలు. గుర్రుమన్నందుకు కొడితే ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

పుండు కడిగేటప్పుడు బుట్ట రకం మజిల్, అంటే నోరు తెరిచి రొప్పగలిగే చిక్కం వాడండి. మూతి బిగించే గుడ్డ రకం ఎండలో ప్రాణం తీస్తుంది. కాటు పడితే సబ్బు, పారే నీళ్లతో పావుగంట కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి, ముందు టీకా వేయించుకున్నా సరే. కుక్కను పది రోజులు గమనించాలి.

14 రోజుల తర్వాత మీ కుక్కతో పరిచయం ఇంట్లో కాదు, బయట. ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు, పదిహేనడుగుల ఎడంతో ఒకే దిక్కుకు నడవండి. ఒకదాన్నొకటి పట్టించుకోని రోజు నుంచి ఎడం తగ్గించండి. ఇంట్లో కలిసి తిరిగినా తిండి మాత్రం వేర్వేరు గదుల్లోనే.

కొత్త ఇల్లు

స్టెరిలైజేషన్ కాకుండా ఎవరికీ ఇవ్వొద్దు. "తర్వాత చేయిస్తాం" అన్న ఆడ రాట్‌వైలర్ పిల్లలు పెట్టి అమ్మకానికి వస్తుంది. పెద్ద కుక్కల కోసం వచ్చే ఫోన్లలో సగం "ఫామ్‌హౌస్‌కు కావాలి" అనేవే. యజమాని వారాంతంలో వస్తాడు, మిగతా రోజులు వాచ్‌మన్ దయ. గొలుసు, మిగిలిన అన్నం, రాత్రి ఒంటరితనం. సున్నితంగా కాదనండి.

ఇంటికి వెళ్లి చూడండి: అద్దె ఇల్లైతే యజమాని ఒప్పుకోలు, లిఫ్ట్ లేని నాలుగో అంతస్తా, పగలు ఎవరుంటారు, గేటు కింద సందు ఎంత. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కుక్కలను పూర్తిగా నిషేధించే వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ముందు మాట్లాడి వెళ్లమనండి, మున్సిపల్ లైసెన్సు తీసుకోమనండి. ఒప్పంద పత్రంలో ఉంచుకోలేకపోతే మీకే తిరిగి ఇవ్వాలన్న మాట ఉండాలి.

అప్పగించేటప్పుడు టీకాల పుస్తకం, రక్త పరీక్షల కాగితాలు, ఇప్పుడు తింటున్న తిండి వారానికి సరిపడా, అది పడుకున్న ఉతకని దుప్పటి ఇవ్వండి. మైక్రోచిప్‌లో పేరు మార్పించండి. మీ నంబరున్న బిళ్ల మాత్రం ఇంకో నెల దాని మెడలోనే ఉండనివ్వండి, పారిపోతే అది పరుగెత్తేది మీ వీధి వైపే కావచ్చు.